ఆరు తరువాత ఆగిన చెయ్యి

పోయిన నెల రెండో మంగళవారం మా వీధి చివర మద్రాసు సినిమావాళ్ళు ఒక సన్నివేశం తీశారు. ఉదయం తొమ్మిదింటికి మొదలుపెట్టి పదకొండుంపావుకు ముగించారు. నటి గొడుగు పట్టుకొని నడిచి మూల తిరగాలి, అంతే. ఆమె చీర చెంగు గోడ వెనక్కి పోయీ పోకముందే దర్శకుడు చెయ్యెత్తి ఆపేవాడు. పదకొండుసార్లు తీశారు, పదకొండుసార్లూ అక్కడే ఆపాడు. నేను అరుగు మీద కూర్చొని చూస్తున్నాను. ఆమె వెళ్ళిపోయిన మూల ఖాళీగా ఉండిపోయింది. దాన్ని ఎవరూ చూడలేదు.

ఆయనైతే ఆపేవాడు కాదు.

ఆయన పేరు రాయను. ఆయన తమ్ముడి మనవలు ఈ ఊళ్ళోనే ఉన్నారు, ఆయన బొమ్మలు తీసిన పెట్టె సంగతి వాళ్ళింట్లో ఎవరూ ఎత్తరు. నాకిప్పుడు డెబ్బైమూడేళ్ళు. ఇంతవరకు నూటపద్నాలుగు సినిమాలు చూశాను, చూసిన రోజుతో సహా పట్టీ రాసి పెట్టుకున్నాను. వాటిలో ఒక్కటి కూడా ఆయన తీసినవాటిలా లేదు. ఈ మాట పొగడ్తగానే అంటున్నాను గాని, ఆయన బొమ్మలు మళ్ళీ చూస్తావా అని ఎవరైనా అడిగితే వెంటనే సరే అనలేను.

ఫ్రెంచివాళ్ళ కోర్టులో ఆయన పద్దెనిమిదేళ్ళు దుబాసీగా చేశాడు. సాక్షి చెప్పింది జడ్జికి, జడ్జి అన్నది సాక్షికి తిప్పి చెప్పే పని. ఎందుకు మానేశావని మా నాయన అడిగితే, "నాలుగు బాసల్లో అబద్దాలు మోసి నోరు నొస్తా ఉండాది" అన్నాడట. మానేసిన ఏడాదే ఓడలో ఆ పెట్టె తెప్పించుకున్నాడు. టేకు పెట్టె, మూడు కాళ్ళ స్టాండు, పక్కన తిప్పే పిడి. ఏ కంపెనీ, ఏ దొరా ఆయన వెనక లేరు. తనే తీసేవాడు, పెరట్లో తొట్లు పెట్టి తనే ఫిలిం కడిగేవాడు, ఇంటి వెనక పాడుబడిన నీలిమందు గిడ్డంగిలో తెల్లపంచె కట్టి తనే ఆడించేవాడు. ఆడించడానికీ అదే పెట్టె; వెనక దీపం పెడితే పంచె మీద బొమ్మ పడేది.

కోర్టు కోటు మాత్రం వదల్లేదు. మెడదాకా బొత్తాలు, వాటిలో మూడోది ఊడిపోతే నల్లది కుట్టించుకున్నాడు. స్టాండు మోసి మోసి ఎడమ భుజం కిందికి దిగింది. ఎక్కడ తీయాలనుకుంటే అక్కడికి మూడు రోజుల ముందే పెట్టె లేకుండా వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకొని గంటసేపు నిలబడేవాడు. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఎవరింటి ముందైనా అలా నిలబడితే ఆ ఇంటివాళ్ళు తలుపు వేసుకొని, సందులోంచి చూసేవాళ్ళు. ఆయన నిలబడ్డ చోట ఏదో జరగబోతుందని మా వీధిలో ఒక మాట పుట్టింది. నిజానికి ఏదీ జరిగేది కాదు. జరగబోతున్నట్టు ఉండేది. ఆయనకు కావలసింది అదే.

ఆ రోజుల్లో గుడారాలు వేసి బొమ్మలు ఆడించేవాళ్ళు వచ్చేవాళ్ళు. రైలు వస్తుంది, మనుషులు పడతారు, లేస్తారు, బయట డప్పు మోగుతుంది. ఈయన గిడ్డంగిలో డప్పు లేదు, కథ లేదు. మురుంగపాక్కం పోయే బాట ఒకటి తీశాడు. తెర మీద చాలాసేపు బాట ఒక్కటే. తరువాత ఒక మనిషి తాటాకుల మోపుతో నడిచి వెళ్ళిపోతాడు, ముఖం కనబడదు. మళ్ళీ బాట, ఆ మనిషి నడిచినంత సేపటికి రెండింతలు. వెనక ఎవరో, "మనుసులు యాడ సామీ?" అని అడిగారు. నవ్వులు లేచాయి.

ఆయన పిడి తిప్పుతూనే, "వస్తారు. రాకుంటే బాటను చూడండి. అది మిమ్మల్నే చూస్తా ఉండాది" అన్నాడు.

నవ్వులు ఆగాయి. నేను వెనక్కి తిరిగి చూశాను. ఆయన తెర వైపు చూడటం లేదు, చీకట్లో మా ముఖాలు చూస్తున్నాడు.

నేను ఆయన దగ్గర ఎలా చేరానో చెప్పాలి. మా నాయన పెద్ద మార్కెట్లో వడ్లు కొలిచేవాడు. పన్నెండేళ్ళ వయసు నుంచి నేను బస్తాల మీద కూర్చొని, నాయన కుంచం ఎత్తి పోసినప్పుడల్లా పైకి లెక్క చెబుతూ పదికొక బొగ్గుగీత గీసేదాన్ని. మా ఇళ్ళల్లో కొలిచేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అనేది అసలు నోట రానివ్వరు, అశుభం. ఆరున్నొక్కటి అంటారు. లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఆరున్నొక్కటి, ఎనిమిది. నాకు ఇంకోలా లెక్కించడం రాదు, ఇప్పటికీ.

ఆయన మార్కెట్ తీయడానికి వచ్చి నా గొంతు విన్నాడు. ఆ పెట్టె పిడి సెకనుకు రెండుచుట్లు తిరగాలి, హెచ్చుతగ్గులు ఉండకూడదు. ఆయన చిక్కు ఏమిటంటే, ఎదురుగా ఉన్నది చూడటంలో పడితే చెయ్యి మరిచిపోయేవాడు. నాయనతో, "నీ కూతురి నోరు గడియారం మాదిరి ఉండాది. ఆదివారాలు నాకు ఇయ్యి. అది చెప్తా ఉంటే నేను తిప్పతా ఉంటా" అన్నాడు. అలా ఆయన పక్కన నిలబడి చుట్టుకొక అంకె చొప్పున, పది దాకా చెప్పి మళ్ళీ మొదలుపెట్టడం నా పని అయింది.

మార్కెట్ బొమ్మ ఒక ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఆడించాడు. తలుపు సందులకు గోనెలు కట్టారు. ఇరవైఆరుమంది ఉన్నాం. బొమ్మ మొదలైన మూడు నాలుగు క్షణాలకు తెర మీద మనుషులందరూ ఒక్కసారి అదిరారు. బస్తా మోసేవాడు, ఉప్పు అమ్మే ముసలమ్మ, పక్కనున్న ఆవు, అందరూ ఎవరో చెయ్యి పట్టి లాగినట్టు ముందుకు జరిగి మళ్ళీ మామూలయ్యారు. కాసేపటికి మళ్ళీ అదే. మళ్ళీ అదే. జనం గుసగుసలు ఆపేశారు.

ఎందుకో అందరికంటే ముందు నాకే తెలిసింది. ఆరున్నొక్కటి అనడానికి మిగతా అంకెల కంటే రెండింతలు సేపు పడుతుంది. ఆ మాట పూర్తయ్యేదాకా ఆయన చెయ్యి నెమ్మదించేది. నెమ్మదిగా పట్టిన బొమ్మ తెర మీద తొందరగా పరిగెత్తుతుంది. ప్రతి పదిలో ఒకసారి మనుషుల్ని లాగింది నా నోరు.

మరునాడు పిలిపించి ఎదురుగా నిలబెట్టి లెక్క చెప్పించుకున్నాడు. మోకాలి మీద వేలితో తాళం వేస్తూ విన్నాడు. ఏడు అని అనమన్నాడు. "అనను మామా, అమ్మ కొడతాది" అన్నాను. తిడతాడని చూస్తున్నాను. ఆయన మోకాలి మీద తాళం ఆపాడు.

"అనొద్దు. అట్లనే చెప్పు" అన్నాడు. "వాళ్ళని ఏదో లాగతా ఉండాది, వాళ్ళకే తెలీదు. చూసినావా? నేను ఆరేండ్లుగా ఎతకతా ఉండేది అదే."

ఆ తరువాత తీసినవన్నీ ఆ అదురు చుట్టూనే కట్టాడు. మనిషి గడప దాటే వేళకు నా లెక్క ఆరున్నొక్కటి దగ్గరికి వచ్చేలా, ఎప్పుడు మొదలుపెట్టాలో ముందుగా స్టాండు కాలు మీద తట్టి చెప్పేవాడు. తీసినదాంట్లో ముక్క కోసి పారేయడం, ముందుది వెనక వెనకది ముందు అతకడం ఆయన ఎరగడు. కత్తెర ఆ ఇంట్లో గుడ్డలకే ఉండేది. ఖాళీ చోటు, మనిషి, ఒక అదురు, మళ్ళీ ఖాళీ చోటు. అంత తక్కువతో అంత భయం పుట్టించినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

ఉప్పు అమ్మే ముసలమ్మ ఆ వేసవిలో చనిపోయింది. తమిళుల ఐప్పసి నెల వానల్లో కాలాపేట పడవవాడు ఒకడు సముద్రంలో పోయాడు, వాణ్ణీ ఆయన తీసి ఉన్నాడు. అంతటితో చేపలమ్మేవాళ్ళు పెట్టె ముందు నుంచి నడవడం మానేశారు. ఎవరో స్టాండుకు పేడ పూసిపోయారు. "ఆ పెట్టిలో అదిరినోళ్ళు మిగలరు" అనే మాట మార్కెట్ అంతా తిరిగింది. ఆ రెండు బొమ్మల్లో కలిపి నలభైఒక్కమంది కనబడతారు, నేను లెక్కించాను. పోయినవాళ్ళు ఇద్దరు. ముసలమ్మకు డెబ్బై దాటాయి, పడవవాడు ముప్పైఏళ్ళుగా ఆ సముద్రంలో ఉన్నవాడు. మిగతా ముప్పైతొమ్మిదిమంది గురించి ఎవరూ మాట్లాడలేదు. ఈ లెక్క నాకు అప్పుడే తెలుసు. తెలిసీ నాకు ఉపయోగపడలేదు.

అప్పటికి పెద్ద యుద్ధం నడుస్తోంది. ఫ్రెంచి ప్రభుత్వం మా ఊరి మగపిల్లల్ని పటాళంలోకి తీసుకుంటోంది. మా అన్న ఇరవయ్యేళ్ళవాడు, వెళ్ళి పేరిచ్చి వచ్చాడు. నాకు పద్నాలుగు. ఇంట్లో ఏడుపులు నాలుగు రోజులు. ఓడ ఎక్కేది శుక్రవారమని తెలిసిన సాయంత్రం అన్న తానే ఆయన దగ్గరికి వెళ్ళి, తనను తీయమని అడిగి వచ్చాడు. అమ్మ అన్నం గరిటె కింద పెట్టేసింది. వాడు ఆ పెట్టె ముందు నిలబడితే తాను చచ్చినట్టేనంది.

అన్న నవ్వాడు. "తుపాకీ ముందర నిలబడేదానికి పోతా ఉండానమ్మా, పెట్టి ముందర నిలబడితే ఏంది? నేను ఆడ ఉంటే నువ్వు ఈడ చూసుకుంటావు." తరువాత నా జడ గుంజి, "నువ్వు మాత్రం నన్ను మెల్లగా లాగు మే. ఓడ ఎక్కకముందే సముద్రంలో పడేస్తావేమో" అన్నాడు.

నేను నవ్వలేదు. ఆ రెండు రాత్రులూ పడుకొని ఒకటే ఆలోచించాను. ఆరున్నొక్కటి అంటే అన్న అదురుతాడు. అనకుండా ఏడు అంటే, ప్రయాణమయ్యేవాడి ముఖం మీద ఆ మాట అన్నదాన్నవుతాను. మూడో దారి నాకు తోచలేదు.

శుక్రవారం సాయంత్రం నాలుగింటికి సముద్రంలోకి కట్టిన ఇనుప వంతెన మీద ఉన్నాం. ఓడ దూరంగా నిలబడింది. వంతెన చివర ఇనుప మెట్లు, వాటి కింద పడవ. ముప్పైఒక్కమంది వరుసగా మెట్లు దిగాలి, మా అన్న చివరివాడు. ఆయన పెట్టెను మెట్లకు ఇరవై అడుగుల దూరంలో పెట్టాడు. అమ్మ నా పక్కన నిలబడి నా ఎడమ మణికట్టు పట్టుకుంది. ఆయన స్టాండు కాలు తట్టాడు, నేను మొదలుపెట్టాను.

మనుషులు దిగుతున్నారు. నేను ఆరున్నొక్కటి దగ్గరికి వచ్చినప్పుడల్లా అమ్మ వేళ్ళు బిగుసుకుంటున్నాయి. అది ఏ మాటో అమ్మకు తెలుసు. పది ముగిసి మళ్ళీ లాభం అనగానే వదులయ్యేవి. మళ్ళీ ఆరు, మళ్ళీ బిగింపు. అలా పదులు గడుస్తున్నాయి, వరుస తరుగుతోంది. అన్న మెట్ల దగ్గరికి వచ్చాడు. ఆగి, మా వైపు తిరిగి, చెయ్యెత్తడం మొదలుపెట్టాడు. నేను ఆరు అన్నాను. అమ్మ గోళ్ళు దిగాయి.

నేను నోరు మూసుకున్నాను.

నా నోరు ఆగితే ఆయన చెయ్యి ఆగుతుంది. అది మా ఇద్దరి అలవాటు. పిడి ఆగిపోయింది. ఎంతసేపో నాకు తెలియదు. నా బతుకులో నేను లెక్కపెట్టని కాలం అదొక్కటే. ఆయన మెట్ల మీద నుంచి చూపు తిప్పకుండా, "చెప్పు పాపా" అన్నాడు. లాభం అన్నాను. పిడి తిరిగింది. అప్పటికి మెట్ల మీద ఎవరూ లేరు.

ఆ తరువాత పదహారు రోజులకు, ఆదివారం, ఆ పడవ ఎక్కినవాళ్ళ ఇళ్ళవాళ్ళందరినీ పిలిచి ఆడించాడు. గిడ్డంగి నిండింది. ఒక్కొక్కరు తమవాణ్ణి చూసి పేరు పెట్టి పిలిచారు. చివర మా అన్న వచ్చాడు. తిరిగాడు. చెయ్యి సగం లేచింది. మనిషి లేడు. దిగలేదు, నడవలేదు, పక్కకు పోలేదు. ఉన్నవాడు ఉన్నచోటే లేకుండా పోయాడు. మెట్లు, వెనక సముద్రం. ఆయన అలవాటు ప్రకారం ఆ ఖాళీ మెట్లు తెర మీద ఉండిపోయాయి. మా వెనక ఒకామె మెల్లగా "దేవుడా" అంది. అమ్మ లేచి బయటికి వెళ్ళిపోయింది. తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు.

పదో రోజు నేను వెళ్ళి ఆ ముక్క కోసేయమని ఆయన కాళ్ళ మీద పడ్డాను. ఆయన నన్ను లేపి, ఫిలిం తెచ్చి కిటికీ వెలుతురుకు పట్టాడు. వేలిగోరంత బొమ్మలు, ఒకదాని కింద ఒకటి. ఒకదాంట్లో అన్న ఉన్నాడు, దాని కిందిదాంట్లో లేడు. రెంటికీ నడుమ సన్నని నల్లగీత.

"యాడ కొయ్యాల, చూపీ" అన్నాడు. "ఇది కోస్తే మీ యన్న పోతాడు. ఇది కోస్తే మెట్లు పోతాయి. లేనిదాన్ని ఎట్ల కోస్తావు?"

నేను ఏడుస్తున్నాను. ఆయన ఫిలిం చుట్టి డబ్బాలో పెట్టాడు. "నిలిపింది నా చెయ్యి. నువ్వు నోరు మూసుకోని సుమ్మా ఉండావు, అంతే" అన్నాడు. ఆ మాట ఇంట్లో కూడా చెప్పమన్నాడు. నేను చెప్పలేదు.

ఆ తరువాత ఆయన బొమ్మలకు ఎవరూ రాలేదు. ఆయన తీయడం ఆపలేదు. ఆదివారాలు నేను వెళ్ళడానికి అమ్మ ఒప్పుకోలేదు గనుక, తనే గొణుక్కుంటూ తిప్పేవాడని విన్నాను. అన్న దగ్గర నుంచి పదమూడు ఉత్తరాలు వచ్చాయి. పదమూడోది వచ్చిన ఐదునెలల మీద నాలుగు రోజులకు ప్రభుత్వం కాగితం ఒకటి వచ్చింది. ఫ్రెంచిలో ఉంది. మా ఇంట్లో ఎవరికీ చదవడం రాదు. వీధిలో ఆ భాష వచ్చినవాడు ఆయన ఒక్కడే. నాయన కాగితం పట్టుకొని బయలుదేరితే, నేను వెనకే వెళ్ళాను.

ఆయన నిలబడే చదివాడు. ఎనిమిది వరుసలు, పక్క నుంచి చూస్తే నాకు కనబడుతున్నాయి. చదివి మడిచాడు. మళ్ళీ విప్పి చదివాడు. కోర్టులో ఎలా చెప్పేవాడో అలా చెప్పమని నాయన అడిగాడు.

"ఇంక రాడు" అన్నాడు ఆయన. ఎనిమిది వరుసలకు ఆయన చెప్పింది అంతే.

కర్మ ముగిసిన మరునాడు మధ్యాహ్నం అమ్మ నన్ను వెంటబెట్టుకొని ఆయన ఇంటికి వెళ్ళింది. అమ్మ వాకిట్లో గొడవ పెట్టుకుంటుందనుకున్నాను. అమ్మ మామూలు గొంతుతో, "అన్నా, ఆ బొమ్మ ఒకసారి చూపీ" అంది. ఆయన గోనెలు కట్టాడు, కిరసనాయిలు దీపం పెట్టాడు. ముగ్గురమే. అన్న వచ్చాడు, తిరిగాడు, చెయ్యి సగం ఎత్తి లేకుండా పోయాడు. అమ్మ మళ్ళీ అంది. మళ్ళీ చూపించాడు. అలా నాలుగుసార్లు.

నాలుగోసారి తరువాత అమ్మ, "వాడు చెయ్యి ఎత్తతా ఉండాడే, ఆడ నిలుపు" అంది.

ఆయన దీపం వైపు చూశాడు. "నిలిపితే వేడికి కాలిపోతాది చెల్లీ. ఫిలిం అంతా మండతాది. ఉండేది ఇది ఒకటే. మళ్ళా చూసేదానికి ఏమీ మిగల్దు."

"తిప్పితే మాత్రం యాడ మిగలతా ఉండాడన్నా?" అంది అమ్మ.

ఆయన లోపలికి వెళ్ళి తడిగోనె తెచ్చి పెట్టె పక్కన వేశాడు. నన్ను తలుపు దగ్గరికి జరగమన్నాడు. తాను తీసినవాటిలో అదే మేలైనదని ఆయన అంతకుముందు మా నాయనతో అన్నాడు. ఆ సంగతి అప్పటికే నాకు తెలుసు. పిడి పట్టుకొని మెల్లగా, ఒక్కొక్క బొమ్మే కదిలేంత మెల్లగా తిప్పుకుంటూ వచ్చాడు. అన్న తిరిగాడు. చెయ్యి లేచింది. ఆయన పిడి వదిలేశాడు.

అన్న నిలబడిపోయాడు. నేను లాభం అనుకున్నాను, రెండు అనుకున్నాను. కదలకుండా చూస్తే అప్పుడు కనబడింది. వాడు మాకు చెయ్యి ఊపడం లేదు. ఎదురెండకు కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకోబోతున్నాడు. వంతెన మీద అంతమందిలో మేము ఎక్కడున్నామో వాడికి కనబడలేదు. వెతుకుతున్నాడు.

మూడు. అమ్మ తెర వైపు ఒక అడుగు వేసింది. "ఈడనే ఉండా నాయనా" అంది.

నాలుగు దగ్గర వాడి భుజం మీద గోధుమరంగు మచ్చ లేచింది. ఆయన పిడి ముట్టుకోలేదు. చేతులు రెండూ వెనక్కి కట్టుకొని నిలబడ్డాడు.